పాత చీరల బొంతలు: వచ్చినవాళ్లకి రేటు ఎప్పుడు, ఎలా చెబుతున్నారు?

రాజమండ్రి బొంతలు:

నమస్తే అండి. దానవాయిపేటలో మా ఇంటి ముందుగదిలోనే పాత చీరలతో బొంతలు కుడుతున్నాను. మా అమ్మ నూలు చీరలు బీరువాలో ముక్కిపోతుంటే చూడలేక మా అమ్మాయికి ఒక బొంత కుట్టి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. ఆ వారంలోనే ముగ్గురు అడిగారు. అలా రెండేళ్లలో పద్నాలుగు కుట్టాను. కుట్టడానికి భయం లేదు. వచ్చినవాళ్లతో మాట్లాడటం, డబ్బు అడగటం మాత్రం ఇంకా చేతకావడం లేదు.

వాళ్లు ఫోన్ చేస్తే "తీసుకురండి, చూసి చెప్తాను" అంటాను. వస్తారు, కాఫీ ఇస్తాను, సంచి విప్పుతారు. పైనే ఒక మంగళగిరి చీర ఉంటుంది. "నా పెళ్లిచూపుల రోజు అమ్మ ఇదే కట్టుకుంది" అంటారు. ఇక అంతే. గంటన్నర ఆ చీరల కథలే. ఆవిడ ఏడుస్తారు, నేనూ ఏడుస్తాను. అంతసేపు ఏడ్చాక "ఇంతవుతుందండి" అని ఏ నోటితో అనను? "మీరే చూసి ఇవ్వండి" అనేస్తాను.

పోయిన నెల ఒకావిడ పదకొండు చీరలు తెచ్చారు. డబుల్ మంచానికి, 90 బై 100 అంగుళాలు. మొదటిసారి గళ్లు గళ్లుగా కావాలన్నారు. రెండోసారి వచ్చి కాదు, నిలువు పట్టీలన్నారు. మూడోసారి మధ్యలో వాళ్లమ్మగారి పేరు కుట్టమన్నారు. సరే అన్నాను, అన్నీ సరే అన్నాను. చివర్న 3,500 అంటే, "ఆన్‌లైన్‌లో కంఫర్టరే పద్దెనిమిది వందలకి వస్తోందండి, పైగా చీరలు మావే కదా" అని 3,000 చేతిలో పెట్టారు.

ఆ రాత్రి నిద్రపట్టక లెక్క రాసుకున్నాను. ఉతికి ఆరేసి, రంగు దిగుతుందా, బట్టలో బలం ఉందా అని చూసి ఏరడానికి 5 గంటలు. ఇస్త్రీ, కత్తిరింపు 7. మిషన్ మీద ముక్కలు కలపడం 13. పరిచి కచ్చా కుట్లు వేయడం 3. చేత్తో కుట్టడం 39. అంచు కట్టడం 5. మొత్తం 72 గంటలు. దూది షీటు 850, దారం 220, అంచు పట్టీ బట్టా సూదులూ 280, వెరసి 1,350. వెనకవైపుకి ఖర్చు లేదు, ఐదున్నర మీటర్ల చీరని సగానికి కోసి పక్కపక్కన కలిపితే డబుల్ సైజుకి సరిపోతుంది. 3,000లో ఖర్చు పోతే నాకు మిగిలింది 1,650. గంటకి ఇరవై మూడు రూపాయలు! మా ఆయనకి చెబితే నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

చీరలు చూడటానికి డబ్బు తీసుకుంటే బావుండదా? రేటు ముందే చెప్పేస్తే మనిషే రాకుండా పోతుందేమో. చుట్టాల సంగతైతే అడక్కండి, మా పిన్ని ఇప్పటికే రెండు సంచులు పంపింది. ఇంట్లో ఇలాంటి పని చేసేవాళ్లుంటే చెప్పండి.

మగ్గం వర్క్, హన్మకొండ:

అక్కా, తప్పంతా "చూసి చెప్తాను" అన్న దగ్గరే ఉంది. రేటు ఫోన్‌లోనే పడాలి. సంచి విప్పకముందు మీరు కుట్టేవాళ్లు, విప్పాక వాళ్లింటి మనిషి అయిపోతున్నారు. ఇంటి మనిషికి ఎవరైనా కూలి ఇస్తారా?

నేను పెళ్లి జాకెట్లు చేస్తాను. ఫోన్‌లో ఎక్కడో చూసిన ఫోటో పట్టుకొచ్చి, పదిహేను వేల పనిని రెండు వేలకి అడిగేవాళ్లు నాకూ ఉన్నారు. అందుకే ఫోన్ ఎత్తగానే "మా దగ్గర ఇంత నుంచి మొదలు" అంటాను. సగం మంది కనుక్కుని చెప్తామని పెట్టేస్తారు. పెట్టేయనీ. వాళ్లకి పెట్టే కాఫీ మిగిలింది.

మీ లెక్క నేను వేస్తాను. 72 గంటలంటే రోజుకి ఎనిమిది గంటల చొప్పున 9 రోజులు. పని తెలిసిన మనిషికి రోజుకి 700 వేసినా 6,300. సామాను 1,350 కలిపితే 7,650. మిషన్ రిపేరు, కరెంటు, ఇస్త్రీ పెట్టె అన్నీ చూసుకుంటే 8,000కి తక్కువైతే కుట్టొద్దు. పేరు కుట్టడం అందులో లేదు, అక్షరానికి ఇంత అని వేరే.

చూడటానికి 300 తీసుకోండి, ఆర్డర్ ఇస్తే బిల్లులో తగ్గించండి. ఊరికే కాలక్షేపానికి వచ్చేవాళ్లు అక్కడే ఆగిపోతారు. ఇంకోటి, ఆర్డర్ పుస్తకం కొనండి, కార్బన్ కాపీ ఉండేది. సైజు, చీరలెన్ని, డిజైను, సగం అడ్వాన్సు, ఇచ్చే తేదీ రాసి సంతకం పెట్టించండి. ఒక మార్పు ఊరికే, రెండో మార్పుకి 500. "కత్తెర పడ్డాక డిజైను మారదు" అని కింద రాయండి. నా పుస్తకంలో ఈ ముక్క లేని రోజుల్లో ఒక జాకెట్టు మూడుసార్లు విప్పాను.

పాత ఇల్లు:

చెప్తున్నానని ఏమీ అనుకోవద్దు. మా చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు అరుగు మీద బొంత పరిచి నలుగురు ఆడవాళ్లు నాలుగు పక్కలా కూర్చుని కుట్టేవారు. చిరుగుల చీర, పంచె, ఏది ఉంటే అది లోపల వేసేవారు. ఎవరూ పైసా అడిగిన గుర్తు లేదు. ఎనిమిది వేలు పెట్టి బొంత కొనేదెవరమ్మా?

మగ్గం వర్క్, హన్మకొండ:

బాబాయిగారూ, ఆ నలుగురినీ రాజమండ్రి పంపండి, అక్క రేటు తగ్గిస్తుంది.

డాలస్ నుంచి:

కొనేవాళ్లలో నేనొకదాన్నండి, అందుకని అటువైపు నుంచి చెప్తాను. అమ్మ పోయాక తన చీరలు తొమ్మిది ఇక్కడికి తెచ్చుకుని, ఒకరికిచ్చి బొంత చేయించుకున్నాను. మీరు అనుకుంటున్నట్టు నా భయం ధర గురించి కాదు. చీరలు ఏమవుతాయో అని. చివరికి అదే అయింది. నాకు ఒక వెంకటగిరి చీర పైటకొంగు ముక్కలు కాకుండా నిండుగా కావాలి. ఆ మాట నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. ఆరంగుళాల గళ్లుగా కోసేశారు. డబ్బు తిరిగిస్తామన్నారు, కొంగు తిరిగిరాదు కదా. కాబట్టి మీరు అన్నిటికంటే ముందు అడగాల్సింది "ఏ చీర కత్తిరించకూడదు? ఏ భాగం నిండుగా ఉండాలి?" అని. చీర చీరకీ నంబరు వేసి ఫోటో తీసి పంపండి. మిగిలిన ముక్కలు చిన్నవైనా సరే, ఒక కవర్లో వేసి ఇచ్చేయండి. ఈ మూడూ చేస్తే మీ రేటు మీద నాలాంటివాళ్లు మాట్లాడరు.

ఇక్కడ పెద్ద మిషన్ మీద కుట్టేవాళ్లు చదరపు అంగుళానికి ఇన్ని సెంట్లని తీసుకుంటారు. మామూలు డిజైనుకి 3 సెంట్లనుకుంటే మీ 90 బై 100 బొంతకి ఒక్క కుట్టుకే 270 డాలర్లు, ముక్కలు కలపడం వేరే. ఆ రేటు మీరు పెట్టాలని కాదు. ఆ పద్ధతిలో బేరానికి సందు ఉండదు, ధర తగ్గాలంటే సైజు తగ్గించుకోవాల్సిందే. హన్మకొండ ఆవిడ చెప్పిన 8,000ని 9,000 చదరపు అంగుళాలతో భాగిస్తే దాదాపు 90 పైసలు. అంటే 60 బై 90 సింగిల్‌కి 4,860. ఉయ్యాల బొంత 36 బై 45కి 1,458 వస్తుంది కానీ అంతకి ఒప్పుకోకండి. చిన్నదానికైనా ఉతకడం, ఏరడం, మాట్లాడటం అంతే పని. 2,000కి తక్కువ ఏదీ లేదని చెప్పేయండి.

జమాఖర్చులు:

ఒక చిన్న మాట. కస్టమరు చీరలు తెస్తే మీరు కుట్టి ఇస్తున్నారు కాబట్టి అది సేవ కింద లెక్క. ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ నమోదు. మీరు దాని గురించి టెన్షన్ పడే రోజు ఇంకా రాలేదు. మీరే బట్ట కొని కుట్టి వేరే రాష్ట్రాలకి అమ్మడం మొదలుపెడితే మాత్రం ముందు ఎవరినైనా అడగండి. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి డబ్బడిగేవాళ్ల మాట వినకండి. బొంతల డబ్బుకి వేరే బ్యాంకు ఖాతా పెట్టుకుంటే ఇలా అర్ధరాత్రి లెక్కలు రాసుకునే పని తప్పుతుంది.

రాజమండ్రి బొంతలు:

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

మా ముందుగది సోఫా మీద మూడు సైజుల బొంతలు మడతపెట్టి, ఒక్కోదానికి రేటు చీటీ పిన్ను చేశాను. మా ఆయన "షాపులా ఉంది" అన్నారు. ఉండనివ్వండన్నాను. ఫోన్ చేసిన నలుగురికీ చదరపు అంగుళానికి 90 పైసలు, చూడటానికి 300 అని చెప్పాను. మొదటిసారి చెప్పేటప్పుడు గొంతు ఎండిపోయింది. ఇద్దరు మళ్లీ చేయలేదు. ఒకావిడ తర్వాత వస్తానన్నారు. ఒకావిడ నిన్న వచ్చారు.

సంచి విప్పకముందే సోఫా మీద బొంతలు చూపించి, సింగిల్ 4,860 అన్నాను. సరేనన్నారు! "ఏది కత్తిరించకూడదు?" అని అడిగాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెరూన్ రంగు చీర ఒకటి తీసి, ఇది మాత్రం నిండుగా మధ్యలో రావాలన్నారు. తెల్ల రుమాలు తడిపి ఆ చీర మీద రుద్దాను. రుమాలు ఎర్రబడింది. దాన్ని తెల్ల చీరల పక్కన కుడితే మొదటి ఉతుకులోనే బొంతంతా పాడవుతుందని చూపించాను. ఆవిడ రుమాలు చేతిలోకి తీసుకుని చూశారు. "ఇది తెలియక నేనే ఇంట్లో కోసి కుట్టించేసేదాన్ని, మంచిపని చేశారు" అన్నారు. మూడు వందలు గిట్టాయనిపించింది, ఆవిడకీ నాకూ. ఆ చీర విడిగా రెండుసార్లు ఉతికి చూస్తానని, రంగు ఆగకపోతే మడతపెట్టి తిరిగిచ్చేస్తానని పుస్తకంలో రాసుకున్నాం.

అడ్వాన్సు 2,500 వచ్చాక కాఫీ పెట్టాను. అప్పుడు చెప్పారు మెరూన్ చీర కథ. ఇద్దరం ఏడ్చాం. అది మానడం నావల్ల కాదండి.

పిన్నికి చెప్పాను, మనవడికి ఉయ్యాల బొంత ఊరికే, పెద్దవైతే దూది, దారం డబ్బులు ఇవ్వాలని. రెండు రోజులు మాట్లాడలేదు. నిన్న సంచి ఒకటి వెనక్కి తీసుకెళ్లింది, ఒకటి ఉంచింది.

"పాత ఇల్లు" గారూ, మా అమ్మా అలాగే కుట్టేదండి. ఆవిడకి పక్కింటివాళ్లు మర్నాడు వచ్చి అప్పడాలు ఒత్తేవారు. నాకు అలా వచ్చేవాళ్లు లేరు.

ఇంకో సంగతి అడగాలి. పిన్ని ఉంచిన సంచిలో గద్వాల్ చీర ఒకటుంది. ఎవరైనా బొంతలో వేశారా?

మగ్గం వర్క్, హన్మకొండ:

గద్వాల్‌లో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు అక్కా. ఉతికితే రెండూ ఒకేలా ముడుచుకోవు, కలిపి కుడితే ఉబ్బెత్తులు లేస్తాయి. అంచు కోసి విడిగా పెట్టండి, ఇస్త్రీ వేడి తగ్గించి వెనక పల్చటి ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే బట్ట) అతికించండి, కాళ్లవైపు పట్టీలా వేయండి. జరీ మెడకి తగిలేవైపు మాత్రం వద్దు. ఇంతకీ పిన్నిగారు దూది డబ్బులిచ్చారా?