న్యూవెల్ హైవేలో క్యారవాన్: నాలుగేళ్ల పాప, ఏడాదిన్నర బాబు

ప్రశ్న: ఆస్ట్రేలియాలో న్యూవెల్ హైవే మీద మెల్‌బోర్న్ నుంచి బ్రిస్బేన్ వెళ్లాలండి, కారు వెనక క్యారవాన్ (కారుకి తగిలించి లాగే ఇంటి బండి) కట్టుకుని. నరాండెరా, పార్క్స్, డబ్బో మీదుగా. రోజుకు ఎంత దూరం పెట్టుకోవచ్చు? బాబు నిద్రపోతే క్యారవాన్‌లో పడుకోబెట్టొచ్చా?

జవాబు 1: బండి కదులుతుంటే క్యారవాన్‌లో ఎవరూ ఉండకూడదు, చట్టం ఒప్పుకోదు. నిద్రైనా కారు సీట్లోనే. రోజుకు 250 కిలోమీటర్లు చాలు. పొద్దున్నే బయల్దేరి మూడింటికల్లా ఆగిపోండి, పొద్దువాలితే కంగారూలు రోడ్డెక్కుతాయి. పార్క్స్‌లో రేడియో టెలిస్కోప్, డబ్బోలో జూ. జూకి ఒక రోజు పూర్తిగా వదిలేయండి. మోరీలో వేడినీళ్ల కొలనుంది కానీ ఏడాదిన్నర పిల్లాడికి ఆ వేడి మంచిది కాదు.

జవాబు 2: సామాను సర్దడంలోనే అసలు తిప్పలు. డైపర్ల పెట్టెలు, పుషర్ (పిల్లల తోపుడు బండి), సైకిళ్లు అన్నీ క్యారవాన్ వెనక్కి తోస్తే హిచ్ బాల్ (కారు వెనక క్యారవాన్ తగిలించే గుండు) మీద బరువు తగ్గి, లారీ పక్కనుంచి వెళ్లగానే క్యారవాన్ తోక ఊపుతుంది. బరువైనవి ఇరుసు మీదే, కింద పెట్టండి. బాల్ మీద క్యారవాన్ మొత్తం బరువులో పదో వంతు పడాలి. 80 లీటర్ల నీళ్ల ట్యాంకు నింపితే 80 కిలోలు, అదీ లెక్కలో వేసుకోండి. ఊగితే కారు బ్రేకు తొక్కకండి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని కారులోని బ్రేకు కంట్రోలర్ మీటతో క్యారవాన్ బ్రేకు మాత్రమే వేయండి.

జవాబు 3: బయల్దేరేముందు గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేయండి. టాయిలెట్ క్యాసెట్ (టాయిలెట్ కింద బయటికి తీసే మలమూత్రాల ట్యాంకు) నలుగురికి రెండు రోజుల్లో నిండిపోతుంది, డంప్ పాయింట్‌లోనే (దాన్ని పారబోయడానికి పెట్టిన చోటు) ఖాళీ చేయాలి. వైప్స్ మాత్రం అందులో వేయొద్దు, మూత రబ్బరులో ఇరుక్కుని కారుతుంది.