డిజిటల్ సంతకం టోకెన్లని నెట్‌వర్క్ మీద పెట్టొచ్చా? శ్రీకాకుళం, పలాస ఆఫీసుల మధ్య మా తర్జనభర్జన

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

మాది ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టాక్స్ కన్సల్టెన్సీ ఆఫీసు. కింద నలుగురం, పై అంతస్తులో ఇద్దరు, పలాసలో చిన్న బ్రాంచి. క్లయింట్లలో సగం మంది జీడిపప్పు వ్యాపారులు. వాళ్లలో కంపెనీగానో ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) గానో రిజిస్టర్ అయినవాళ్లకి జీఎస్టీ రిటర్ను ఓటీపీతో అవదు, డిజిటల్ సంతకం టోకెన్ (పెన్‌డ్రైవ్ లాంటి పరికరం) సిస్టమ్‌కి గుచ్చాల్సిందే. అలాంటివి మా దగ్గర పద్నాలుగు ఉన్నాయి. అన్నీ ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో ఉంటాయి. ఒక్కోదానికి దారంతో చీటీ కట్టి కంపెనీ పేరు రాశాం.

కిందటి నెల 20వ తేదీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్ను 3బీకి ఆఖరి రోజు, ఆ డబ్బా పలాసలో ఉండిపోయింది. మా కుర్రాడు డబ్బా సంచిలో పెట్టుకుని బస్సెక్కి, సాయంత్రానికి తెచ్చాడు. వాడు మెట్లెక్కి వచ్చేదాకా నాకు ఒకటే టెన్షన్.

అందుకే రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బాక్సు కొని, సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్బులు తగిలించి, టోకెన్లన్నీ అందులోనే ఉంచేద్దామనుకుంటున్నాను. యూఎస్‌బీ/ఐపీతో (యూఎస్‌బీ పరికరాన్ని దూరం నుంచి వాడుకునే పద్ధతి) నెట్‌వర్క్ మీద పెడితే పైవాళ్లు, పలాసవాళ్లు కూర్చున్న చోటు నుంచే వాడుకుంటారు. మా ఆఫీసు పెద్దాయన మాత్రం ససేమిరా అంటున్నారు. "సంతకం పెట్టేది మనిషి, తీగ కాదు" అన్నది ఆయన మాట. ఇలాంటి ఏర్పాటు చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

గంటస్తంభం వీధి (విజయనగరం)

పెట్టేయండి మేస్టారూ. మాది ఫ్లెక్స్ ప్రింటింగ్. ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్‌కి డాంగిల్ అని యూఎస్‌బీ తాళంచెవి లాంటిది ఉంటుంది, అది లేనిదే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముందు ఆర్డర్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. రోజుకి పదిసార్లు ఈ సిస్టమ్‌లోంచి పీకి ఆ సిస్టమ్‌కి గుచ్చేవాళ్లం. చివరికి దాని మూతి వంగిపోయింది. వేలితో కాస్త పైకెత్తి పట్టుకుంటే పనిచేసేది, వదిలితే ఆగిపోయేది. ఒక రాత్రంతా ఒక కుర్రాడు దాన్ని అలా పట్టుకుని కూర్చుంటే రెండోవాడు ప్రింట్లు ఇచ్చాడు. కొత్తది తెప్పించాక మీరు అనుకుంటున్నలాంటి చిన్న బాక్సుకి గుచ్చి, ర్యాక్‌లో పెట్టి తాళం వేశాం. ఏడాదిన్నరగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

యూఎస్‌బీ కేబుల్ ఐదు మీటర్లు దాటితే నమ్మకం లేదు. ల్యాన్ కేబుల్ వంద మీటర్లు పోతుంది. మీ సిస్టమ్ ఆ పరికరంతో మాట్లాడే ప్రతి మాటనీ యూఎస్‌బీ/ఐపీ టీసీపీలో చుట్టి అవతలి బాక్సుకి పంపి, జవాబు తెచ్చిస్తుంది. విండోస్ మటుకు టోకెన్ తనకే గుచ్చారనుకుంటుంది. కాబట్టి డ్రైవర్ మీ సిస్టమ్‌లో ఉండాలి, బాక్సులో కాదు. ఇదేమీ నిన్న మొన్నటి ప్రయోగం కాదు, 2014లో వచ్చిన 3.17 వెర్షన్ నుంచి లైనక్స్ కెర్నల్‌లో అసలు భాగంగానే ఉంది. ఒక్క ఇబ్బంది, ఒక టోకెన్‌ని ఒక సమయంలో ఒక్కరే పట్టుకోగలరు. పైవాళ్లు అటాచ్ చేసి (అంటే తమ సిస్టమ్‌కి కలుపుకుని), వదలకుండా భోజనానికి వెళ్లిపోతే కిందవాళ్లు ఎదురుచూడాల్సిందే.

టెక్కలి తమ్ముడు

అన్నా, మీ డాంగిల్ పోతే డబ్బు పోతుంది. నాగావళి గట్టు గారి దగ్గరున్న టోకెన్ వేరేవాళ్ల చేతికి చిక్కితే ఒక కంపెనీ పేరు మీద ఏదైనా చేసేయొచ్చు. రెండింటినీ ఒక గాట కట్టకండి.

యూఎస్‌బీ/ఐపీకి దానికంటూ పాస్‌వర్డ్ లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు. అది 3240 పోర్టులో వింటూ ఉంటుంది. మీ ఆఫీసు వైఫైలో ఉన్న ఏ ల్యాప్‌టాప్ నుంచైనా జాబితా అడిగితే పద్నాలుగు టోకెన్లూ చూపిస్తుంది, అటాచ్ అంటే ఇచ్చేస్తుంది. మధ్యలో నడిచే డేటా కూడా, టోకెన్ తనంతట తాను దాచుకుంటే తప్ప, బట్టబయలుగానే వెళ్తుంది. పలాస కోసమని రూటర్‌లో ఆ పోర్టు బయటికి తెరిచేస్తారేమో, అసలు వద్దు. రెండు ఆఫీసుల మధ్య వైర్‌గార్డ్ టన్నెల్ (ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రైవేటు దారి) వేసుకోండి, బాక్సు ఫైర్‌వాల్‌లో కావలసిన రెండు మూడు సిస్టమ్‌ల అడ్రసులకే అనుమతి ఇవ్వండి. ముందు మీ ఫైబర్ వాళ్లని స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ అడ్రసు) అడగండి. చాలా కనెక్షన్లలో మనకంటూ పబ్లిక్ ఐపీ ఉండదు, అది లేకపోతే పలాస నుంచి మీ ఆఫీసు తలుపు కూడా దొరకదు.

ఇంకొకటి, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. యూఎస్‌బీ/ఐపీ టోకెన్‌ని కంపెనీ పేరుతో గుర్తుపట్టదు. ఏ పోర్టులో గుచ్చారో ఆ నంబరుతో గుర్తుపడుతుంది, 1-1.2, 1-1.3 అని. మీ టోకెన్లు ఒకే కంపెనీ తయారీ అయితే జాబితాలో అన్నిటికీ ఒకే పేరు కనబడుతుంది. ఊడ్చేవాళ్లు హబ్ కదిపి, ఊడిన రెండు టోకెన్లని అటుదిటు గుచ్చితే ఇక వెతుక్కోవడమే. హబ్ పోర్టుల మీద చీటీలు అతికించండి, సంతకం పెట్టేముందు సర్టిఫికెట్‌లో పేరు చదవండి.

ఆఫీసులోపల ల్యాన్ మీద ఆలస్యం తెలియదు. పలాస నుంచి అయితే ఒక్క సంతకానికి టోకెన్‌తో ఎన్నోసార్లు చిన్న చిన్న మాటలు నడవాలి, ప్రతి మాటా శ్రీకాకుళం వచ్చి వెళ్లాలి. పని అవుతుంది గానీ నెమ్మదిగా. స్కానర్ కూడా ఇలాగే పెడదామనుకుంటే మానేయండి, వెబ్‌క్యామ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రింటర్‌కి మామూలు నెట్‌వర్క్ షేరింగ్ చాలు, అందులో అయితే క్యూ కూడా ఉంటుంది.

ఆముదాలవలస లెక్కలు

ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. బాబూ, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి. ఆ డబ్బాలో చీటీల మీద కంపెనీ పేరు ఒక్కటే ఉందా, సంతకం పెట్టేటప్పుడు కొట్టే పిన్ నంబరు కూడా ఉందా?

నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒక డైరెక్టరు గారి టోకెన్ ఏడాది పొడుగునా అల్మారాలోనే ఉండేది. ఆయనకీ అన్నదమ్ములకీ తగువు ముదిరిన నెలలో ఆయన సంతకంతో ఒక ఫారం అప్‌లోడ్ అయింది. ఆ రోజు ఆయన విశాఖలో ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. టోకెన్ అసలుదే, పిన్ సరైనదే. నేను పెట్టలేదని ఆయన ఎవరికి చెప్పినా, మీ టోకెన్ వేరేవాళ్లకి ఎందుకిచ్చారని ఎదురు ప్రశ్న వేశారు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

2000 నాటి ఐటీ చట్టం (ఇన్‌కం టాక్స్ కాదు, ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) సెక్షన్ 42 చూడండి. తన ప్రైవేట్ కీ (సంతకం పెట్టే రహస్య కోడ్) తన అదుపులోనే ఉండేలా సర్టిఫికెట్ యజమాని తగిన జాగ్రత్త తీసుకోవాలని అందులో ఉంది. ఆ కీ టోకెన్ దాటి బయటికి రాకుండా తయారుచేసింది కూడా అందుకే. మీరు బాక్సుకి ఎన్ని తాళాలు వేసినా ఆ అదుపు మీది అవుతుంది, ఆయనది కాదు.

నాగావళి గట్టు

ఉంది మేస్టారూ. పిన్ కూడా ఆ చీటీ మీదే రాసి ఉంది. మీరు అడిగేదాకా అది తప్పని తట్టలేదు.

కానీ నాది ఒక ప్రశ్న. బస్సులో సంచిలో వెళ్లే డబ్బా కన్నా తాళం వేసిన ర్యాక్ మేలు కాదా? బాక్సులో ఎవరు ఏ గంటకి అటాచ్ చేశారో రాసుకునే ఏర్పాటైనా చేసుకోవచ్చు. డబ్బాకి ఆ లెక్కా లేదు.

పలాస జీడితోట

నేను మీలాంటి ఆఫీసుకి క్లయింటుని. మా ఫ్యాక్టరీ టోకెన్ కూడా ఇలాగే ఎక్కడో డబ్బాలో ఉంది, ఇది చదివాక మనసు కుదురుగా లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇక్కడ రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. జీడిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. అంత పెద్ద తుపానే అక్కర్లేదు, ఎండాకాలం సాయంత్రం ఒక గాలివాన చాలు, మా లైను పోతుంది. టోకెన్ చేతిలో ఉంటే ల్యాప్‌టాప్ పట్టుకుని సిగ్నల్ ఉన్న చోటికి వెళ్లి ఫోన్ హాట్‌స్పాట్ మీద ఫైల్ చేసుకుంటాం. శ్రీకాకుళం ర్యాక్‌లో ఉంటే మీ కరెంటు, మా కరెంటు, మధ్యలో ఫైబర్, మూడూ ఒకేసారి ఉండాలి.

గంటస్తంభం వీధి

యూపీఎస్ పెట్టుకోండి. లింకు తెగితే టోకెన్ ఊడదీసినట్టే అవుతుంది, మళ్లీ అటాచ్ చేసి, ఈమ్‌సైనర్ (జీఎస్టీ పోర్టల్‌లో సంతకం పెట్టించే ప్రోగ్రాం) కూడా మళ్లీ స్టార్ట్ చేయాలి, అది ఒప్పుకుంటాను. అయినా ఆముదాలవలస మేస్టారు చెప్పేది వింటే ఏ ఆఫీసూ నడవదు. పద్నాలుగు మంది వ్యాపారులు ప్రతి నెలా 20న వచ్చి పిన్ కొడతారా? వాళ్లకి తీరిక లేకనే కదా టోకెన్ మీ చేతిలో పెట్టారు.

టెక్కలి తమ్ముడు

రానక్కర్లేదు. టోకెన్ వాళ్ల కొట్లోనే, వాళ్ల సిస్టమ్‌కే ఉంటుంది. మీరు రిటర్ను మొత్తం సిద్ధం చేసి ఉంచండి. ఆ వ్యాపారి మీ సిస్టమ్‌కి రిమోట్ డెస్క్‌టాప్‌తో (దూరం నుంచి మీ సిస్టమ్ తెర తెరిచి) వచ్చి, దాని సెట్టింగుల్లో స్మార్ట్‌కార్డ్ టిక్ పెడితే ఆయన టోకెన్ మీ సిస్టమ్‌లో కనబడుతుంది, పిన్ ఆయనే కొడతారు. అటునుంచి ఇటు మాత్రం కుదరదు, మీ సిస్టమ్‌కి గుచ్చిన టోకెన్ రిమోట్ డెస్క్‌టాప్‌లో వచ్చినవాళ్లకి కనబడదు. చాలామంది అక్కడే ఆగిపోయి యూఎస్‌బీ/ఐపీ వైపు వస్తారు.

నాగావళి గట్టు

పది రోజుల తర్వాత రాస్తున్నాను. బాక్సు కొన్నాను. అందులో మా ఆఫీసు సాఫ్ట్‌వేర్ డాంగిల్ ఒక్కటే ఉంది, కింద పైన హాయిగా వాడుకుంటున్నాం, పలాస దాకా తీసుకెళ్లలేదు. క్లయింట్ల టోకెన్లు తిరిగి ఇచ్చేస్తున్నాను. ముందు చీటీలన్నీ చింపేశాను.

నరసన్నపేట క్లయింటు ఒకాయన చిరాకుపడ్డారు, ఇన్నేళ్లు లేని బాధ ఇప్పుడెందుకని. ఆయన పక్కనే కూర్చుని పిన్ మార్పించాను. కొత్త పిన్ కొట్టేటప్పుడు నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. ఆయన కొట్టాక, ఇది ఎవరికీ చెప్పకూడదా అని అడిగారు. నాకు కూడా చెప్పొద్దన్నాను.

గంటస్తంభం అన్నగారి మాట నిజమే, వచ్చే 20న ఇబ్బంది తప్పదు. ఇద్దరికి టెక్కలి తమ్ముడు చెప్పినట్టు రిమోట్ డెస్క్‌టాప్ కుదిర్చాను, మిగతావాళ్ల దగ్గరికి 18వ తేదీ నుంచే మా కుర్రాణ్ని ల్యాప్‌టాప్‌తో పంపుతాను. పద్నాలుగింటిలో పదకొండు వెళ్లిపోయాయి. రెండు రేపు ఇస్తాను. ఒకటి కాశీబుగ్గ వాళ్లది, ఫోన్ ఎత్తడం లేదు. ఆదివారం నేనే వెళ్లి చేతికిచ్చి వస్తాను.