నేలమీద కూర్చుని పనిచేస్తే నడుం బాగుపడుతుందా, ఉన్నదీ పోతుందా?

ఉండేది మధురవాడ. వయసు 41. ఇంట్లోంచే కంప్యూటర్ పని. కుర్చీలో నడుం పట్టేస్తోందని ఓ పొట్టి బల్ల కొని, చాప పరిచి, బాసింపట్టు వేసుకుని మొదలెట్టాను. పది రోజులైంది. నడుం సంగతి దేవుడెరుగు, మొన్న గ్యాస్ బండ వచ్చిందని లేస్తే ఎడంకాలు నాది కాదన్నట్టుంది. పాదం ఈడ్చుకుంటూ తలుపు తీశా. ఆ కుర్రాడు "ఏటైంది సార్, పడ్డారా?" అన్నాడు.

మా అమ్మకి 68, చోడవరం మనిషి. కత్తిపీట ముందేసుకుని గంటసేపు కూరలు తరుగుతుంది. ఈ మోకాలు ఎత్తి ఆ కాలు మడుస్తుంది, కాసేపటికి అటూ ఇటూ మారుస్తుంది, ఓసారి కాళ్లు బారజాపుతుంది. చివరికి ముక్కల గిన్నెతో సహా లేచిపోతుంది, చెయ్యి ఎక్కడా ఆన్చదు. నన్ను చూసి "ఏట్రా, అలగ బిగుసుకుపోయి కూకున్నావ్" అంటోంది. మానెయ్యమంటారా?

జవాబు 1
సీతమ్మధారలో ఫిజియోథెరపీ చేస్తుంటాను. మోకాలి బయటివైపు, కాస్త కింద ఎముక బుడిపె తగులుతుంది చూడండి. ఒక నరం దాన్ని చుట్టుకుని చర్మం కిందే పోతుంది. మఠం వేసుకుని కదలకపోతే అది నలుగుతుంది, పాదం పైకి లేవదు. కాసేపట్లో సర్దుకుంటే భయం లేదు. సర్దుకోకపోతే డాక్టరుకి చూపించండి.

ఇక నడుం. తుంటి, తొడ వెనక కండరాలు బిగుసుకున్నవాళ్లు నేలమీద కూర్చుంటే వీపు గూనిలా వంగిపోతుంది. కింద పీటో, మడతేసిన దుప్పటో వేసుకోండి. మోకాళ్లు తుంటికన్నా కిందికి దిగితే వీపు దానంతటదే నిలబడుతుంది. అమ్మగారు చెప్పింది కూడా వినండి.

జవాబు 2
గాజువాక నుంచి. నాకు రెండు మోకాళ్లూ అరిగాయి బాబూ. కింద కూర్చోవద్దని డాక్టరు చెప్పినా వినకుండా సత్యనారాయణ వ్రతానికి పీటలమీద కూర్చున్నా. ప్రసాదం టైముకి నన్ను లేపడానికి ఇద్దరు కావలసొచ్చారు. అందరికీ పడదు.

జవాబు 3
2012లో బ్రెజిల్ వైద్యులు ఒక పరిశీలన ప్రచురించారు. 51 నుంచి 80 ఏళ్లవాళ్లు 2,002 మందిని నేలమీద కూర్చుని లేవమన్నారు. పది మార్కులు. చెయ్యో మోకాలో ఆనిస్తే ఒక్కోదానికి ఒకటి కోత. తక్కువొచ్చినవాళ్లలో తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువ. అలాగని కింద కూర్చుంటే ఆయుష్షు పెరుగుతుందని కాదు. కాళ్లలో బలం, ఒంటికి తూలకుండా నిలదొక్కుకునే పట్టు మిగిలున్నాయా లేదా అన్నది అక్కడ బయటపడుతుంది, అంతే. మీ అమ్మగారికి పదికి పది వెయ్యొచ్చు.

అడిగినవాడినే, వారం తర్వాత
పని మళ్లీ కుర్చీలోకి మార్చేశా. అన్నం, టీ, పేపరు మాత్రం కిందే. మార్కులు చూసుకుంటే ఏడు. కోతపడ్డ మూడింట్లో ఒకటి సముద్రం గాలికి చెమర్చిన టైల్స్ మీద అరచెయ్యి జారినందుకు పోయింది, అన్యాయం. అమ్మ పీట నేను లాగేసుకున్నానని ఇంట్లో అలక నడుస్తోంది. పూర్ణా మార్కెట్ వైపు మంచి చెక్క పీట ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.