కాన్ఫరెన్స్‌లో ఫస్ట్ వచ్చిన టీమ్‌కి నేషనల్స్‌లో చోటు ఎందుకు ఉండదు?

తణుకు_మేనమామ:

అమెరికాలో అమ్మాయిల కాలేజీ బాస్కెట్‌బాల్ ఫాలో అయ్యేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి. మా అక్క కూతురు అక్కడే పుట్టి పెరిగింది, ఇప్పుడు ఒక చిన్న యూనివర్సిటీ టీమ్‌లో గార్డ్‌గా ఆడుతోంది. జనవరి, ఫిబ్రవరి అంతా కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు జరిగాయి, టేబుల్‌లో వీళ్లే టాప్. అక్కడ సాయంత్రం మ్యాచ్ అంటే మనకి తెల్లవారుజాము, ఇక్కడ ఇంటిల్లిపాదీ లేచి ఫోన్‌లో చూసేవాళ్లం. తీరా మార్చిలో కాన్ఫరెన్స్ టోర్నమెంట్ అని విడిగా ఇంకోటి పెట్టారు. దాని ఫైనల్లో, సీజన్‌లో రెండుసార్లు ఓడించిన టీమ్ చేతిలోనే నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. ఇప్పుడు ఎన్‌సీఏఏ (అక్కడి కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) పెట్టే జాతీయ టోర్నమెంట్‌కి ఆ టీమే వెళ్తుందట, వీళ్లకి దాదాపు ఛాన్స్ లేదట. పిల్ల ఫోన్‌లో సరిగ్గా మాట్లాడను కూడా లేదు.

రెండు నెలలు కష్టపడి గెలిచినదానికి విలువే లేదా? ఒక్క రాత్రి ఆటతో అంతా తేల్చేస్తారా? అసలు ఈ కాన్ఫరెన్స్ అంటే మన జోన్ లాంటిదా, లీగా? నాకైతే ఇందులో న్యాయం కనిపించడం లేదండి.

రాజమండ్రి_హూప్స్:

ముందు మీ మేనకోడలికి ఒక మంచి మాట చెప్పండి సార్, వాళ్ల సీజన్ ఇంకా అయిపోలేదు. రెగ్యులర్ సీజన్‌లో కాన్ఫరెన్స్ టాప్‌గా నిలిచి కూడా ఎన్‌సీఏఏలో చోటు దొరకని టీమ్‌ని డబ్ల్యూబీఐటీ అనే ఇంకో టోర్నమెంట్‌లోకి నేరుగా తీసుకుంటారు. ఎన్‌సీఏఏ వాళ్లే 2024లో మొదలుపెట్టారు, 32 టీమ్‌లు ఆడతాయి. మొదటి ఏడాది ఇల్లినాయ్, 2025లో మిన్నెసోటా గెలిచాయి, కాబట్టి దాన్ని చిన్నదని అనుకోకండి. ఆదివారం లిస్టు వస్తుంది, చూడండి.

ఇక కాన్ఫరెన్స్ సంగతి. మన జోన్ లాగా మ్యాప్ మీద గీసిన భాగం కాదది, కొన్ని యూనివర్సిటీలు కలిసి కట్టుకున్న సంఘం. నవంబర్, డిసెంబర్‌లలో బయటి టీమ్‌లతో ఆడుకుంటారు, కొత్త సంవత్సరం దగ్గర్నుంచి ప్రధానంగా తమలో తాము ఆడుకుంటారు, కొన్ని మ్యాచ్‌లు సొంత కోర్టులో, కొన్ని అవతలివాళ్ల ఊళ్లో. ఆ తర్వాత కాన్ఫరెన్స్ టోర్నమెంట్. 2025 ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో ఉన్నవి 68 చోట్లు. అందులో 31 చోట్లు 31 కాన్ఫరెన్సుల టోర్నమెంట్ విజేతలకి వెళ్లాయి, మిగతా 37 సెలక్షన్ కమిటీ ఎంచింది. ఎవరిని ఓడించారు, ఎక్కడ ఓడించారు, ‘నెట్’ అనే ర్యాంకింగ్‌లో ఎక్కడున్నారు, ఇవన్నీ చూస్తారు. పెద్ద కాన్ఫరెన్స్ టీమ్ ఫైనల్లో ఓడినా కమిటీ లిస్టులో ఉంటుంది. చిన్న కాన్ఫరెన్స్ టీమ్‌కి అసలు చిక్కు ఇక్కడే, వాళ్ల జిమ్‌కి వచ్చి ఆడడానికి పెద్ద టీమ్‌లు ఒప్పుకోవు, ఇక గొప్ప గెలుపు చూపించుకునే అవకాశం ఎక్కడ దొరుకుతుంది?

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఐవీ లీగ్ అని ఎనిమిది యూనివర్సిటీల కాన్ఫరెన్స్ ఒకటుంది, 2025లో దాని సీజన్ కొలంబియా గెలిచింది, టోర్నమెంట్ హార్వర్డ్ గెలిచింది. కొలంబియాని, ప్రిన్స్‌టన్‌ని కూడా కమిటీ తీసుకుంది. ఆ లీగ్ నుంచి ముగ్గురు వెళ్లడం అదే మొదటిసారి. కొలంబియా అయితే వెళ్లి వాషింగ్టన్‌ని ఓడించింది కూడా.

న్యాయం అంటారా, నేను మీవైపే. ఐవీ లీగ్‌లో 2017 ముందు వరకు టోర్నమెంటే లేదు. ఎనిమిది యూనివర్సిటీలు, ప్రతి టీమ్ మిగతా ఏడింటితో రెండేసిసార్లు, మొత్తం 14 మ్యాచ్‌లు, టేబుల్‌లో ఫస్ట్ వచ్చినవాళ్లు నేరుగా వెళ్లేవాళ్లు. 1998లో హార్వర్డ్ అమ్మాయిలు అలాగే వెళ్లి, 16వ సీడ్ అయ్యుండి, అంటే తమ గ్రూపులో అన్నిటికంటే కింది ర్యాంకు టీమ్ అయ్యుండి, అన్నిటికంటే పై ర్యాంకైన ఒకటో సీడ్ స్టాన్‌ఫర్డ్‌ని వాళ్ల సొంత కోర్టులోనే 71-67తో ఓడించారు. మగవాళ్లలో గానీ ఆడవాళ్లలో గానీ 16వ సీడ్ అలా గెలవడం అంతకుముందు జరగలేదు. సీజన్ మొత్తం నిలకడగా ఆడిన టీమ్‌ని పంపితే ఏం జరుగుతుందో చెప్పడానికి నేను ఎప్పుడూ ఆ మ్యాచే చూపిస్తాను. టోర్నమెంట్ వల్ల టీవీ ఉంటుంది, టికెట్లు ఉంటాయి, కింద ఉన్న టీమ్‌కి కూడా ఆశ ఉంటుంది, అందుకే కాన్ఫరెన్సులు దాన్ని వదులుకోవు.

కోనసీమ_పాయింట్‌గార్డ్:

ఇది చదువుతుంటే ఒక మాట అడగాలనిపించింది. మీ మేనకోడలు ఆ టీమ్‌తో ఒకే సీజన్‌లో మూడుసార్లు ఆడింది కదా, అది ఎంత పెద్ద భాగ్యమో మన పిల్లల్ని అడగండి. నేను డిగ్రీలో ఉండగా యూనివర్సిటీ టీమ్‌కి ఆడాను. ఇంటర్ కాలేజియేట్ అంటే ఏదో ఒక కాలేజీలో పెడతారు, నాకౌట్, పొద్దున ఓడితే మధ్యాహ్నం బస్సు ఎక్కడమే. గెలిచినవాళ్లకైనా మహా అయితే రెండు మూడు మ్యాచ్‌లు. అక్కడే సెలక్షన్, కొన్ని రోజుల క్యాంపు, తర్వాత సౌత్ జోన్. సౌత్ జోన్‌లో చెన్నై టీమ్‌లు, కేరళ టీమ్‌లు ఎదురవుతాయి, ఆ అమ్మాయిలు చిన్నప్పట్నుంచి హాస్టల్స్‌లో ఉండి ఏడాది పొడవునా మ్యాచ్‌లు ఆడినవాళ్లు. జోన్‌లో మొదటి నాలుగు టీమ్‌లే ఆలిండియాకి వెళ్తాయి, మనం మొదటి రోజే ఇంటికి.

ఓడినందుకు నాకు బాధ లేదు. ఏ టీమ్‌తోనూ రెండోసారి ఆడే అవకాశం రాలేదు, అది ఇప్పటికీ మనసులో ఉంది. ఒక మ్యాచ్‌లో అవతలివాళ్లు 2-3 జోన్ వేశారు, అంటే ముందు ఇద్దరు, వెనక రింగు దగ్గర ముగ్గురు నిలబడి ఎవరి చోటు వాళ్లు కాపలా కాశారు, మాకు లోపలికి దారి దొరకలేదు, బయటి నుంచి వేసినవన్నీ రింగుకి తగిలి వచ్చేశాయి. ఇంటికొచ్చాక మా కోచ్ సార్ ఆ జోన్ మధ్యలోకి, ఫ్రీ త్రో లైన్ దగ్గరికి, ఒక అమ్మాయిని పంపి బంతి ఎలా ఆడాలో చూపించారు. మాకు బాగా అర్థమైంది. కానీ అది ఎవరి మీద వేసి చూడాలి? ఆ టీమ్ మళ్లీ ఎదురుపడలేదు, మరుసటి ఏడాదికి సగం మంది పెళ్లిళ్లయి, చదువులు అయిపోయి వెళ్లిపోయారు. హోమ్ మ్యాచ్ ఓడి, మూడు వారాల్లో వాళ్ల ఊరెళ్లి అదే జోన్‌ని విడగొట్టి గెలిస్తే, ఆ అమ్మాయి ప్లేయర్ అవుతుంది. క్యాంపులో ఎన్ని లేఅప్‌లు వేయించినా అది రాదు.

అందుకే ఆ ఎనిమిది టీమ్‌ల లెక్క చూడగానే నాకు మన డెల్టానే కనిపించింది. కాకినాడ, రామచంద్రపురం, రాజమండ్రి, అమలాపురం, నరసాపురం, భీమవరం, తణుకు, తాడేపల్లిగూడెం. అన్ని ఊళ్లలోనూ డిగ్రీ కాలేజీలున్నాయి, ఒక ఊరి నుంచి పక్క ఊరికి పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. అమెరికాలో ఇదే ఆటకి విమానాలెక్కి తిరుగుతున్నారు. ఆట కూడా దాదాపు ఒకటే, 2015-16 నుంచి అక్కడి అమ్మాయిలూ మనలాగే పది నిమిషాల నాలుగు క్వార్టర్లు ఆడుతున్నారు, బంతి అదే ఆరో సైజు, షాట్ క్లాక్ (బంతి దొరికాక షాట్ వేయడానికి ఇచ్చే గడువు) మాత్రం వాళ్లకి 30 సెకన్లు, మనకి 24. మనకి లేనిదల్లా సీజనే.

పీడీ_మేడమ్:

కోనసీమ అమ్మాయి చెప్పిందంతా నిజం. నేను ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని, ఈ మాట మీటింగుల్లో నేనూ ఎత్తాను. ఎక్కడ ఆగిపోతుందో చెప్తాను, కోపం తెచ్చుకోకండి.

పదిమంది అమ్మాయిలు దొరకడమే మొదటి కష్టం. హైస్కూల్లో చక్కగా ఆడిన పిల్ల ఇంటర్‌కి గ్రౌండే లేని కాలేజీలో చేరుతుంది, రెండేళ్లు బంతి ముట్టుకోదు, డిగ్రీకి వచ్చేసరికి ‘ఇప్పుడెందుకు మేడమ్’ అంటుంది. ఆ పిల్లల్ని ఒక్కొక్కరినీ పట్టుకుని మళ్లీ కోర్టులోకి తేవాలి, కబడ్డీ నుంచి ఇద్దర్ని, ఖోఖో నుంచి ఇద్దర్ని అడిగి తెచ్చుకోవాలి. తర్వాత కోర్టు. మనవన్నీ ఆరుబయట సిమెంటు కోర్టులే, అక్టోబర్, నవంబర్ తుఫాన్ల కాలంలో ఆడలేం, సాయంత్రమైతే అబ్బాయిలు కోర్టు వదలరు. వెళ్లిన కాలేజీలో అమ్మాయిలు బట్టలు మార్చుకోవడానికి తలుపు గడియ పడే గది, నీళ్లొచ్చే బాత్రూమ్ ఉన్నాయో లేదో నేను ముందే ఫోన్ చేసి కనుక్కుంటాను. ఆ రెండూ లేకపోతే టీమ్‌ని పంపను, లీగ్ పెట్టినా పంపను. రాత్రి బస అంటే తల్లిదండ్రులు ఒప్పుకోరు, వాళ్లని నేను తప్పుపట్టను కూడా.

అందుకని 14 మ్యాచ్‌లు కుదరవు. పద్నాలుగు ఆదివారాలు ఎక్కడ తెస్తాం? ఇలా అయితే కుదురుతుంది: పాత తూర్పుగోదావరి జిల్లా ఊళ్లు నాలుగు ఒక గ్రూపు, పశ్చిమగోదావరివి నాలుగు ఇంకో గ్రూపు. గ్రూపులో ఒక్కో టీమ్‌తో రెండుసార్లు, సొంత ఊళ్లో ఒకటి, బయట ఒకటి, అంటే ఆరు మ్యాచ్‌లు. సంక్రాంతి వెళ్లాక మొదలుపెడితే ఫిబ్రవరి ఆఖరికి ఆరు ఆదివారాలు సరిపోతాయి, వానలుండవు, ఎండ ముదరదు. ఉదయం పదింటికి మ్యాచ్, భోజనం పెట్టి రెండింటికల్లా బస్సెక్కించాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు కదా, ఆధార్ చూపిస్తే చాలు. టీఏ బిల్లు ఎవరిస్తారని ఇన్నాళ్లూ ఆగిన మాట ఆ ఒక్కదానితో సగం తీరిపోయింది. అమలాపురానికి ఇంకా రైలు లేదు గానీ బస్సులకి లోటు లేదు.

కోనసీమ_పాయింట్‌గార్డ్:

మేడమ్, ఆరు చాలు. ప్రతి టీమ్‌తో రెండుసార్లు అన్నారు చూడండి, అదే కావాలి. రెండు గ్రూపుల విజేతలకి ఒక ఫైనల్ కూడా పెట్టండి, రాజమండ్రిలో అయితే అందరికీ అందుబాటు. యూనివర్సిటీ సెలక్షన్స్‌కి వచ్చేవాళ్లు ఈ ఆరు మ్యాచ్‌ల స్కోర్‌షీట్లు తెప్పించుకుని చూస్తే, ఒక్క రోజు జ్వరంతో సరిగ్గా ఆడని పిల్ల టీమ్‌కి దూరమవ్వదు. స్కోర్‌షీట్ రాయడం నాకు వచ్చు, మా గ్రూపులో ఆదివారాలు నేనొస్తాను.

తణుకు_మేనమామ:

అందరికీ థాంక్సండి. రాజమండ్రి గారూ, మీరన్నట్టే అయింది, డబ్ల్యూబీఐటీలో పేరొచ్చింది, మొదటి మ్యాచ్ బయట ఊళ్లో. పిల్ల వెంటనే ప్రాక్టీస్‌కి వెళ్లిపోయిందని అక్క చెప్పింది.

పీడీ మేడమ్, తణుకు సంగతి నాకు వదిలేయండి. ఇక్కడి పాత విద్యార్థుల్లో బాస్కెట్‌బాల్ ఆడినవాళ్లు చాలామంది వ్యాపారాల్లో స్థిరపడ్డారు, కోర్టు గీతలు కొత్తగా వేయించడం, రెండు బోర్డులు మార్చడం, వచ్చిన టీమ్‌కి భోజనం, ఈ మూడూ చేయిస్తాను. మీరన్న గది, బాత్రూమ్ కూడా వెళ్లి నా కళ్లతో చూసి మీకు చెప్తాను. ఇంకేం కావాలి?

పీడీ_మేడమ్:

రెఫరీలు కావాలి సార్. మ్యాచ్‌కి ఇద్దరు, పరీక్ష పాసైనవాళ్లు, కనీసం ఒకరు ఆడమనిషైతే మరీ మంచిది. ఊరి పెద్ద ఎవరో విజిల్ పట్టుకుంటే ట్రావెలింగ్ ఏదో బ్లాకింగ్ ఏదో తేలదు, రెండో క్వార్టర్‌కే గొడవ మొదలవుతుంది. భీమవరం, కాకినాడ వైపు రెఫరీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, వచ్చే జనవరి, ఫిబ్రవరిలో ఏ ఆదివారాలు ఖాళీయో ఇక్కడే రాయండి. ఆ తేదీలు చేతిలో ఉంటే షెడ్యూల్ వేసి మిగతా పీడీలకి నేను పంపుతాను.