ఘాట్ మీద లోడు బండి: 1.5, 1.9, 2.5 లీటర్లు... ఏ డీజిల్ ఇంజిన్ సరిపోతుంది?

కొండదారి_కాఫీ

అందరికీ నమస్తే. మాది చింతపల్లి వైపు, ఏజెన్సీ. కొండవాలు మీద కాఫీ తోట, సిల్వర్ ఓక్ చెట్లకి పాకించిన మిరియాలు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పండు కోత, ఆ నాలుగు నెలలూ తోట నుంచి ఊళ్లోకి, ఊళ్లోంచి లంబసింగి ఘాట్ దిగి నర్సీపట్నానికి బస్తాలు మొయ్యాలి. ఇన్నాళ్లూ అద్దె పికప్‌తో నెట్టుకొచ్చాం. తోట దారి రెండు కిలోమీటర్లూ మట్టే, చినుకు పడితే ఎర్రమట్టి సబ్బులా జారుతుంది, పోయినేడు బండి వాగు గట్టున అడ్డం తిరిగితే పదిమందిమి తాళ్లేసి లాగాం.

అందుకే ఈసారి ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే) డీజిల్ బండి సొంతంగా కొందామని. లోడు 14, 15 బస్తాలు, బస్తా 50 కేజీలు, పైన నలుగురు మనుషులు. షోరూంలో హార్స్‌పవర్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదంటున్నారు, మా మావయ్య "సీసీ (ఇంజిన్ సైజు) చూడరా, మిగతాదంతా సోది" అంటాడు, వీడియోలు చూస్తే 1.5 లీటర్లు, అంటే 1500 సీసీ, చాలంటారు. ఎవరి మాట వినాలో తెలియక బుర్ర వేడెక్కింది. సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు.

రాజు_వైజాగ్

1.5 అంటే మహీంద్రా థార్ జీపు గురించేనా? డీజిల్ థార్‌లో 1.5 ఇంజిన్ వెనక చక్రాల డ్రైవ్‌కే వస్తుంది, ఫోర్ బై ఫోర్ కావాలంటే 2.2 తీసుకోవాల్సిందే. అయినా అందులో 15 బస్తాలు ఎక్కడ పెడతావ్ బ్రో, నెత్తి మీదా?

డీజిల్_బాబాయ్

తమ్ముడూ, నేను పాతికేళ్లుగా డీజిల్ బళ్ల పని చేస్తున్నా, మీ మావయ్య మాటలో సగం నిజం ఉంది. ఆ సగం ఏంటో చెప్తా, కొంచెం ఓపిగ్గా చదువు.

ముందు ఆ 1.5 సంగతి. థార్ 1.5, 2.2 రెండిటికీ టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 300 ఎన్ఎమ్మే రాసుంటుంది. మరి సీసీ ఎందుకు తగ్గించారంటే, మన దేశంలో బండి 4 మీటర్ల లోపు, డీజిల్ ఇంజిన్ 1500 సీసీ లోపు ఉంటే కారు పన్ను తక్కువ. ఆ లెక్కతో పుట్టిన ఇంజిన్ అది, మీ కొండల్ని చూసి పుట్టింది కాదు. అలాగని చెడ్డదనీ కాదు, టర్బో (ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ నెట్టే ఫ్యాను) తిరుగుతున్నంతసేపు బ్రహ్మాండంగా లాగుతుంది.

అసలు తేడా టర్బో తిరగనప్పుడు తెలుస్తుంది. లోడుతో ఎత్తు మీద ఆగావు, మళ్లీ కదలాలి, ఇంజిన్ వెయ్యి, పన్నెండొందల ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గరుంది. అప్పటికి టర్బో ఇంకా అందుకోదు, కాబట్టి చిన్న ఇంజిన్ చిన్న ఇంజిన్‌లాగే ఉంటుంది. డ్రైవర్ ఏం చేస్తాడు, రేస్ పెంచి క్లచ్ సగం వదిలి పట్టుకుంటాడు, రెండు సీజన్లకి ప్లేటు అయిపోతుంది. ఘాట్ దిగేటప్పుడూ ఇంతే, యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు టర్బో సాయం ఏమీ ఉండదు, బండిని వెనక్కి పట్టేది గేరూ ఇంజిన్ సైజే. కాబట్టి సీసీ ఎక్కువుంటే ఈ రెండు చోట్లా లాభమే. మావయ్య సగం ఇదీ.

మిగతా సగం గేర్లది. మహీంద్రా వాళ్ల బొలెరో క్యాంపర్ పికప్ ఫోర్ వీల్ డ్రైవ్ చూడు, 2523 సీసీ, హార్స్‌పవర్ 75 అంతే, ఈ రోజుల్లో చిన్న కార్లు కూడా అంతకంటే ఎక్కువిస్తున్నాయి. కానీ దాని టార్క్ 200 ఎన్ఎమ్ 1400 ఆర్‌పీఎంకే చేతికొస్తుంది, లోడు కోసమే వేసిన గేర్లు, లో రేంజ్ (వేగం తగ్గించి లాగుడు పెంచే అదనపు గేర్) వేస్తే మొదటి గేర్‌లో మనిషి నడిచినంత మెల్లగా ఎక్కుతుంది. నీ రెండు కిలోమీటర్ల మట్టి దారికి కావాల్సింది అదే. హార్స్‌పవర్ అంటే వేగానికి సంబంధించిన లెక్క, నర్సీపట్నానికి పది నిమిషాలు ముందెళ్లి ఏం చేస్తావ్?

ఒక్కటి మర్చిపోకు, లో రేంజ్ మట్టిలోనే. పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపులు తిరిగితే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి బలం పంచే పెట్టె) బిగుసుకుపోతుంది. ఘాట్ రోడ్డు ఎక్కగానే టూ వీల్‌కి మార్చెయ్.

ఆదిలాబాద్_నల్లరేగడి

బాబాయ్ చెప్పిందానికి నాదో చిన్న ఎదురు మాట. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్‌లో పాత 2.5 ఇంజిన్ 134 పీఎస్ (హార్స్‌పవర్ లాంటిదే), 320 ఎన్ఎమ్ ఇచ్చేది, తర్వాతొచ్చిన 1.9 ఇంజిన్ 163 పీఎస్, 360 ఎన్ఎమ్ ఇస్తుంది. సీసీ తగ్గి బలం పెరిగింది కదా. నేను రెండూ నడిపా. మా నల్లరేగడిలో బురద మోకాలి దాకా వస్తే ఆపకుండా ఊపు మీద దాటెయ్యాలి, అక్కడ 1.9 బాగుంది. కాకపోతే దాని పూర్తి లాగుడు 2000 ఆర్‌పీఎం దగ్గర మొదలవుతుంది, 2.5ది 1800కే. బురదలో అది పట్టించుకోం, నీలాగ ఎత్తు మీద ఆగి కదలాలంటే తెలుస్తుంది.

ఏ బండైనా ఆర్సీలో మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేసి చూస్కో, మిగిలిందే నీ లోడు. వెనక తొట్టి కనిపించగానే అన్నీ టన్ను మోస్తాయనుకోవద్దు, షోకు పికప్‌లు చాలా తక్కువ మోస్తాయి.

పెర్త్_నుంచి

ఇక్కడ ఆస్ట్రేలియాలో గనుల దగ్గర పనిచేస్తున్నా, ఊరు తుని. ఇదే గొడవ ఇక్కడా నడిచింది. టొయోటా ల్యాండ్ క్రూయిజర్ 79లో ఏళ్ల తరబడి 4.5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) డీజిల్ ఉండేది, 430 ఎన్ఎమ్. దాని పక్కనే 2.8 నాలుగు సిలిండర్లది తెచ్చారు, అది 500 ఎన్ఎమ్. కాగితం మీద చిన్నదే గెలిచింది, అయినా మా సైట్‌లో పాతకాపులు వీ8ని వదల్లేదు. ఎందుకంటే దానికి 1200 ఆర్‌పీఎంకే మొత్తం టార్క్ వస్తుంది, చిన్నదానికి 1600. బాబాయ్ గారు చెప్పింది ఇదే అనుకుంటా. నేనైతే రోజూ 2.8 నడుపుతున్నా, ఆటోమేటిక్ కాబట్టి క్లచ్ గొడవే లేదు, నాకు ఏ లోటూ కనిపించలేదు. మాన్యువల్ అయితే నా మాట మారేదేమో.

కొండదారి_కాఫీ

థాంక్స్ అందరికీ. బాబాయ్, ఇంకో డౌట్. మా పక్కూరాయన బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండికి డీపీఎఫ్ (పొగ ఫిల్టర్) లైటు వెలిగి పవర్ పడిపోయిందట, మూడు రోజులు వర్క్‌షాప్‌లో ఉంచేశారు. దానికి ఇంజిన్ సైజుతో సంబంధం ఉందా?

డీజిల్_బాబాయ్

సైజు కంటే వాడకంతోనే సంబంధం. పొగలోని మసిని ఆ ఫిల్టర్ పట్టుకుంటుంది, అది కాలాలంటే సైలెన్సర్ బాగా వేడెక్కాలి. తోటకీ ఊరికీ మధ్య మొదటి గేర్‌లో రెండేసి కిలోమీటర్లు తిప్పి ఆపేస్తుంటే ఎప్పటికీ వేడెక్కదు, మసి పేరుకుంటుంది. వారానికి ఒకసారి నర్సీపట్నం దిగాక మైదానం రోడ్డు మీద పెద్ద గేర్‌లో ఓ అరగంట ఆపకుండా తోలు. లైటు వెలిగాక ఇంజిన్ ఆపెయ్యడం అందరూ చేసే తప్పు, ఆపకుండా అలాగే రోడ్డెక్కించు. సెకండ్ హ్యాండ్‌లో 2020 ఏప్రిల్‌కి ముందు బీఎస్-4 (పాత నిబంధనల) బండి దొరికితే మీ పనికి తలనొప్పి తక్కువే, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో మాత్రం చూస్కో.

ఇంకోటి, టెస్ట్ డ్రైవ్ ఖాళీ బండితో చెయ్యకు.

కొండదారి_కాఫీ

అడిగా బాబాయ్. క్యాంపర్‌లో 12 బస్తాలు వేసి ఘాట్ సగం దాకా ఎక్కించి, మధ్యలో ఆపి కదిలిస్తానన్నా. సేల్స్ కుర్రాడు నవ్వి మేనేజర్ని పిలిచాడు, ఆయన బస్తాలు నువ్వే తెచ్చుకో అన్నాడు. గురువారం వెళ్తున్నాం, మావయ్య కూడా వస్తానంటున్నాడు.

రాజు_వైజాగ్

మావయ్యని 13వ బస్తాగా లెక్కెయ్ 😄