‘రీసెర్చ్’కు తోడు వచ్చే క్రియ ఏది? అందులోని ‘రీ’కి అర్థమేమిటి?

ప్రశ్న:
పరిశోధన వ్యాసాలు దిద్దుతుంటే చిన్నప్పుడు విన్న ఒక సూత్రం నాలుక చివర ఆడుతోంది గానీ పూర్తిగా గుర్తుకు రావడం లేదు. ‘పనికి డూ, ఫలానికి మేక్’ అన్న ధోరణిలో ఉండేది. దాని ప్రకారం రీసెర్చ్ ‘డూ’ చేయాలి, డిస్కవరీ ‘మేక్’ చేయాలి. తెలుగులో రెండింటికీ ‘చేయు’ ఒక్కటే సరిపోతుంది కాబట్టి మన విద్యార్థులు ‘మేక్ ఎ రీసెర్చ్’ అని రాయడంలో వింత లేదు. అయితే ‘మేక్ ఎ స్టడీ ఆఫ్’ అన్న ప్రయోగాన్ని ఎవరూ తప్పు పట్టరు కదా! అధ్యయనం ఫలమూ, పరిశోధన పనీ ఎలా అయ్యాయి? సూత్రం పూర్తి పాఠం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

స్పందన:
ఆ సూత్రం నేనూ విన్నాను గానీ దానిని నమ్ముకుంటే ముందుకు సాగలేమండీ. మాట స్వభావం దాని సాంగత్యాన్ని బట్టి తెలుస్తుందని 1957లో రాసిన భాషాశాస్త్రవేత్త ఫర్త్‌నే ఇక్కడ ప్రమాణంగా తీసుకోవాలి. ఆయన 1919 నుంచి 1928 దాకా లాహోర్‌లో ఇంగ్లీషు బోధించిన ఆచార్యుడు. మాటల్లో ‘డూ రీసెర్చ్’ చాలు; వ్యాసంలో ‘కండక్ట్’, ‘క్యారీ అవుట్’ హుందాగా ఉంటాయి; బాధ్యత తలకెత్తుకున్నామన్న ధ్వని కావాలంటే ‘అండర్‌టేక్’ ఉంది. డేటాను ‘కలెక్ట్’ చేస్తాం, హైపోథిసిస్‌ను ‘టెస్ట్’ చేస్తాం, కన్‌క్లూజన్‌ను ‘డ్రా’ చేస్తాం. నోట్స్ సంగతి మరీ సూక్ష్మం: ఉపన్యాసం వింటూ గబగబా రాసుకుంటే ‘టేక్’, చదివినదాన్ని తీరికగా క్రోడీకరించుకుంటే ‘మేక్’ అని చాలామంది అధ్యాపకులు తేడా చూపిస్తారు. ఏ ఒక్క సూత్రమూ వీటన్నింటినీ కట్టిపడేయలేదు.

స్పందన:
అందరూ క్రియను పట్టుకున్నారు గానీ అసలు చిక్కు దాని పక్కనున్న ‘ఎ’ అనే ఒక్క అక్షరంలో ఉంది. స్టడీ లెక్కకు అందే నామవాచకం, రీసెర్చ్ అందనిది. అందుకే మొదటిదానికి ‘ఎ’ చేరుతుంది, రెండోదానికి చేరదు. చేర్చి తీరాలంటే ‘ఎ పీస్ ఆఫ్ రీసెర్చ్’ అనాలి. ‘ఎ’ను తీసేస్తే ‘మేక్’ కూడా అక్కడ నిలవదు.

స్పందన:
పై మిత్రులు ‘అందనిది’ అని అంత గట్టిగా తేల్చడాన్ని ఒప్పుకోలేను. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ 1788లో మొదటి సంపుటం వెలువరించిన పత్రిక పేరే ‘ఏషియాటిక్ రీసెర్చెస్’. విద్యుత్తుపై ఫారడే రాసిన సంపుటాల పేరులోనూ ఈ బహువచనమే ఉంది. నేటి వాడుకలో ఆ బహువచనం బాగా తగ్గిందనండి, అంగీకరిస్తాను. ఆ మాట స్వభావమే అంతని మాత్రం అనకండి.

స్పందన:
మాటలోనే సమాధానం ఉన్నదని నా అభిప్రాయం. ‘రీ’ అంటే మళ్ళీ, ‘సెర్చ్’ అంటే వెతుకు. మళ్ళీ మళ్ళీ వెతకడం ఎడతెగని పని కాబట్టి దానికి లెక్కా లేదు, ‘మేక్’ చేయడానికి తయారయ్యే వస్తువూ లేదు.

స్పందన:
ఈ వ్యుత్పత్తి వినడానికి బాగుంటుంది, సభల్లో తరచూ వినబడుతుంది, కానీ నిలవదు. ఈ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడి ‘రీ’ పునరుక్తిని కాక తీవ్రతను చెబుతుంది. కాబట్టి అర్థం ‘మళ్ళీ వెతకడం’ కాదు, ‘క్షుణ్ణంగా గాలించడం’. ‘సెర్చ్’కు మూలమైన లాటిన్ ధాతువుకు చుట్టూ తిరగడమని అర్థం, సర్కిల్ కూడా ఆ కుటుంబంలోదే.

స్పందన:
చుట్టూ తిరగడం అన్నారు గనుక చెబుతున్నాను: మన ‘పరిశోధన’లోని ‘పరి’కి కూడా ‘చుట్టూ’, ‘సమగ్రంగా’ అనే అర్థాలున్నాయి. రెండు దూరపు భాషలు ఒకే ఊహను అందుకున్నాయన్నది నా గట్టి నమ్మకం. పోతన ప్రహ్లాదుడి చేత ‘ఎందెందు వెదకి చూచిన’ అనిపించాడు. వెతకడంతో సరిపెట్టకుండా ‘చూచిన’ను జోడించడంలోనే పరిశోధన తత్త్వమంతా ఉంది. ‘వెదకు’కు సహజంగా తోడు వచ్చే క్రియ ‘చూచు’. ఆ జంటను విడదీసి చదవండి, పద్యం చప్పబడిపోతుంది.

స్పందన:
పోతన మాట నిజం, అందులో మరో ఆలోచన లేదు. ‘పరి’ విషయంలో మాత్రం తొందరపడుతున్నారేమో చూడండి. ‘శోధన’ శుధ్ ధాతువు నుంచి వచ్చింది. సంస్కృతంలో పరిశోధన అంటే శుద్ధి చేయడం, ఋణం తీర్చడం. మలయాళంలో అదే మాటకు తనిఖీ అని అర్థం. కన్నడిగులు రీసెర్చ్‌ను ‘సంశోధనె’ అంటారు. వెతకడమనే అర్థం మన ‘శోధించు’ బలం వల్ల వచ్చిందే తప్ప ‘పరి’ వల్ల కాదు.

స్పందన:
‘సం’ కూడా సమగ్రతను చెప్పే ఉపసర్గే కదండీ! అప్పుడు నా వాదానికి కన్నడం కూడా సాక్ష్యమే అవుతుంది. శుధ్ ధాతువుకు ‘పరీక్షించు’ అనే ఛాయ ఎప్పుడు తోడైందో ఎవరైనా ప్రయోగాలతో చూపిస్తే ‘పరి’ సంగతి అక్కడి నుంచి మాట్లాడుకుందాం.