అప్‌డేట్: నాన్నగారి రిపోర్టులో లేని ఆ ముక్క

నాన్నగారికి దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా (ఒక రకం రక్త క్యాన్సర్) అని, 13వ క్రోమోజోములో ఒక ముక్క లేదని రిపోర్టులో ఉంటే, దాని అర్థమేమిటని పోయిన నెల అడిగాను. నిన్న చెన్నైలో డాక్టరుగారు రిపోర్టు వెనకే బొమ్మ గీసి చెప్పారు.

ఆ ముక్కలో మైఆర్‌-15ఏ, మైఆర్‌-16-1 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏల (ప్రొటీన్ల తయారీని అదుపుచేసే బుల్లి ఆర్‌ఎన్‌ఏ ముక్కల) జన్యువులుంటాయి. ఒక్కో మైక్రోఆర్‌ఎన్‌ఏ పొడవు సుమారు 22 జన్యు అక్షరాలే! అయినా బీసీఎల్‌2 అనే, కణాలను చావకుండా కాపాడే ప్రొటీను తయారీకి పగ్గం వేసేవి అవే. అవి లేకపోతే బీసీఎల్‌2 పెరిగిపోయి, చనిపోవలసిన తెల్లకణాలు చనిపోకుండా పోగుపడతాయి. 2002లో శాస్త్రవేత్త కార్లో క్రోచే బృందం ఈ లోటును గుర్తించింది.

ఈ లోపం ఒక్కటే ఉంటే జబ్బు సాధారణంగా నెమ్మదిగా సాగుతుందట. ఆ మాటకే నా కళ్లు చెమర్చాయి. ప్రస్తుతానికి మందులు వాడక్కర్లేదు, రక్తపరీక్షలే. అవసరమైతే బీసీఎల్‌2నే నేరుగా అడ్డుకునే వెనెటోక్లాక్స్ మాత్రలున్నాయి. నాన్నగారు ఆ బొమ్మను మడిచి చొక్కా జేబులో దాచుకున్నారు.